బాసింపట్టు, మిరియాల చారు, ఓ చిన్న ట్యూబు

అన్నం మానేసిన తెలుగువాడికి ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మానేసి చూశాను కాబట్టి తెలుసు.

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా వీధి మగవాళ్ళం కొందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పొట్టలు తగ్గించుకోవడం దాని ఆశయం. అందరం డేటా సెంటర్లను నమ్ముకుని బతికేవాళ్ళమే, అందరికీ కుర్చీయే లోకం. ఎవరో ఒకాయన అన్నమే మన శత్రువని చెప్పే వీడియో పంపించాడు. మరునాటి నుంచి అందరి ఇళ్ళలో గుడ్లు, చికెన్, ప్రోటీన్ పొడి. అన్నం పోతే అన్నం ఒక్కటే పోదు కదా! పప్పు పోయింది, తోటకూర పోయింది, మజ్జిగ పోయింది. ఉత్త బీరకాయ కూర గిన్నెలో పెట్టుకుని ఎవడు తింటాడు? నడుము తగ్గినవాడు గ్రూపులో ఫోటో పెట్టేవాడు, మిగతావాళ్ళం చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్ళం. అందరికంటే ముందు నేనే ఉన్నాను. పంతం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. పందెం అంటే చాలు, అది మంచిదా చెడ్డదా అని ఆలోచించను.

ఆ పంతం ఫలితం ఒక ఉదయం బాత్రూమ్‌లో చేతికి అందింది. గాజుపెంకుతో కోసినట్టు నొప్పి. గట్టిగానే అరిచి ఉంటాను, బయట నుంచి నా భార్య తలుపు తట్టి "ఏమైంది?" అంది.

"ఏం లేదు" అన్నాను.

మగవాడు బాత్రూమ్‌లోంచి "ఏం లేదు" అన్నాడంటే ఏదో ఉన్నట్టేనని ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి తెలిసిపోయింది. నేను తలుపు తీసేదాకా అక్కడే నిలబడింది. నీళ్ళు నములుతూ విషయం చెప్పాను. మొదట జాలి పడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. ఈ మూడూ ఒక్క నిమిషంలోనే జరిగాయి.

మామూలు రోజుల్లో అయితే నొప్పిని పంటి బిగువున భరించి ఊరుకునేవాడినేమో. కానీ ఆ ఏడు ఆకులు రాలే కాలానికి మా అమ్మాయి తొలి కచేరీ ఉంది. పదహారేళ్ళది, హైస్కూల్లో చదువుతోంది, చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. నేను కుర్రతనంలో మృదంగం నేర్చుకున్నాను, పెద్ద విద్వాంసుడిని కాను. అయినా పిల్లకి తాళం వేయడం వచ్చిన నాటి నుంచీ ఆదివారం ఉదయాలు మా ఇద్దరివీ. అది పాడుతుంది, నేను వాయిస్తాను. తొలి కచేరీకి ఇక్కడ అందరూ పేరున్న కళాకారులను పిలుస్తారు. మేమూ పిలుద్దామనే అనుకున్నాం. పిల్ల ఒప్పుకోలేదు. "నాన్న వాయిస్తేనే నేను పాడతా" అంది. ఆ మాట విన్న రోజు ఆఫీస్‌లో ఎవరు ఏ పని చెప్పినా నవ్వుతూ చేశాను. మృదంగం నిలబడి వాయించేది కాదు, కుర్చీలో కూర్చుని వాయించేదీ కాదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక కాలు కాస్త ముందుకు చాపి, రెండు గంటలకు పైగా కదలకుండా కూర్చోవాలి. నాకేమో డైనింగ్ టేబుల్ కుర్చీలోనే ఒక పక్కకి ఒరిగి కూర్చోవాల్సి వస్తోంది.

డాక్టర్ గారు చిన్నపిల్ల. ఎదురుగా కూర్చుంటే మా అమ్మాయికి అక్కలా ఉంది. నాకు చెమటలు పట్టాయి. ఆవిడకు మాత్రం కారు టైరు పంక్చర్ గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. మలద్వారం అంచున చిన్న చీలిక వచ్చిందని, దాన్ని ఫిషర్ అంటారని, చాలామందికి వస్తుందని, అందులో దాచుకోవాల్సినదేమీ లేదని చెప్పింది. గుండెనొప్పికి వాడే మందునే బాగా పలచన చేసి తయారు చేసే ఆయింట్‌మెంట్ రాసిచ్చింది. బిగుసుకుపోయిన కండరాన్ని అది వదులు చేస్తుందట, అక్కడికి రక్తం ఆడితే చీలిక దానంతటదే మానుతుందట. బఠాణీ గింజంత చాలన్నది. రాసుకున్నాక తలనొప్పి రావచ్చు, కాసేపు పడుకోమంది. వేడినీళ్ళ తొట్టిలో కూర్చోవడం, పీచు, బాగా నీళ్ళు. స్పైసీ ఫుడ్ మానేయమంది. చివర్లో ఒక మాట చెప్పింది: "తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. అప్పుడు నిరాశ పడకండి, వాడుతూనే ఉండండి." నేను ఆ చివరి మాట వినలేదు. నా చెవులకు నచ్చని మాటలు వాటికవే జారిపోతాయి.

ఇంటికొచ్చి నా భార్య చేత ఒట్టు వేయించుకున్నాను, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని. ముఖ్యంగా అత్తగారికి. మనవరాలి కచేరీ చూడటానికి ఆవిడ తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడా నేనూ మాట్లాడుకున్నది "ప్రయాణం బాగా జరిగిందా", "ఇంకాస్త వేయమంటారా బాబూ", "చాలండి అత్తయ్యగారూ", ఇంతే. అంత మర్యాద మధ్యకి ఈ చీలికను ఎలా తీసుకురాను?

తలనొప్పి వస్తుందని డాక్టర్ అంటే ఏదో మామూలు తలనొప్పి అనుకున్నాను. మొదటి రోజు ఆయింట్‌మెంట్ రాసుకున్న కాసేపటికి కణతల్లో ఎవరో రోలు పెట్టి పిండి రుబ్బడం మొదలుపెట్టారు. తల పట్టుకుని సోఫాలో పడ్డాను. కింద నొప్పి, పైన నొప్పి. అత్తగారు వంటింట్లోంచి తొంగి చూశారు.

"తలనొప్పా బాబూ? కళ్ళు కూడా ఎర్రబడ్డాయే! ఈ దేశం చలి పడటం లేదు మీకు. ఉండండి."

పావుగంటలో స్టీలు గ్లాసుతో మిరియాల చారు వచ్చింది. ఎంత బాగుందని! అప్పుడే దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త చింతపండు, ఘుమఘుమలాడే ఇంగువ. అన్నం మానేసి ఎండిపోయిన నాలుకకు ప్రాణం లేచొచ్చింది. తలపోటు కూడా దిగినట్టే అనిపించింది. రెండో గ్లాసు అడిగాను. అల్లుడు నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి నేను తల పట్టుకుంటే చాలు, గ్లాసు ప్రత్యక్షం. ఆయింట్‌మెంట్ రోజూ రెండు పూటలా, తలనొప్పి రెండు పూటలా, చారు రెండు పూటలా. మధ్యాహ్నం కాస్త నీరసంగా కనిపిస్తే శొంఠి కషాయం అదనం.

ఆ రోజుల్లో నా నిష్ఠ చూసి నాకే ముచ్చటేసేది. ఆవకాయ జాడీ వైపు చూడలేదు. స్నేహితుల ఇంట్లో, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్తే మిర్చి బజ్జీలు, గోంగూర మాంసం వదిలేసి పెరుగన్నం తినేవాడిని. అన్నం వద్దన్న గ్రూపువాళ్ళు నన్ను వెలివేశారు. వేస్తే వేశారు. ఇసబ్‌గోల్ తాగాను, వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్నాను. అయినా నాలుగు రోజులు తగ్గేది, ఐదో రోజు మళ్ళీ మొదటికొచ్చేది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను.

"స్పైసీ తింటున్నారా?" అని అడిగింది.

"అస్సలు లేదు" అన్నాను, గుండె మీద చెయ్యేసుకుని.

అది అబద్ధం కాదు. మా ఇళ్ళలో కారం అంటే ఎండుమిరపకాయ. మిరియాలు మందు. జలుబుకి మందు, జ్వరానికి మందు, బాలింతకి మందు. మందును పట్టుకుని కారం అని ఎవరైనా అంటారా? ఆవిడ ఇంకో నెల వాడి చూడమంది. నేను ఇంటికొచ్చి, ఆ ప్రయాణం బడలికకు ఇంకో గ్లాసు చారు తాగాను.

ఈలోగా ఆదివారాలు నరకంగా మారాయి. కూర్చోగలగాలంటే ముందే ఆయింట్‌మెంట్ రాసుకోవాలి. రాసుకుని మృదంగం ఒళ్ళోకి తీసుకుంటే, అమ్మాయి కల్యాణి రాగం ఆలాపన ముగించేసరికి తలలో పోటు అందుకునేది. పిల్ల గొంతు తారస్థాయికి వెళ్ళి నిలిచేసరికి నా కణతలు పేలిపోతున్నట్టుండేవి. మధ్యలో కాస్త కదిలితే కింద కలుక్కుమనేది. పళ్ళు బిగబట్టి వాయించేవాడిని. ఒక్కోసారి సగంలో "చాలమ్మా ఈ రోజుకి" అని లేచిపోయేవాడిని. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఎంత బాగా దాచుకుంటున్నానో అని నన్ను నేనే మెచ్చుకునేవాడిని.

కచేరీ ఇంకో నెలన్నర ఉందనగా, ఒక ఆదివారం అమ్మాయి తంబురా యాప్ ఆపేసి నా ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఒకటి చెప్తా, నువ్వు కోపం చేయొద్దు. మనం వేరే మృదంగం అంకుల్‌ని అడుగుదామా?"

నేను సరిగ్గా వాయించడం లేదని అంటోందనుకున్నాను. "ఎందుకమ్మా? నా నడక తప్పుతోందా?"

"నో, నో. నువ్వు గుడ్. నేనే..." అని ఆగింది. తర్వాత కళ్ళు చికిలించి, దవడ బిగించి, పెదవులు ఒక పక్కకి లాగి చూపించింది. "నేను పాడితే నీ ఫేస్ ఇట్లా అవుతుంది. ఎవ్రీ సండే. హై నోట్స్ పాడితే ఇంకా వర్స్. తర్వాత నీకు హెడేక్ వస్తుంది, నువ్వు వెళ్ళిపోతావు. నా సింగింగ్ అంత బ్యాడ్ అని నాకు తెలీదు నాన్నా. కచేరీ క్యాన్సిల్ చేసినా ఐయామ్ ఓకే. ట్రూలీ."

ఓకే అంటూనే దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నా గుండె కలుక్కుమంది. ఆ కలుక్కు ముందు కింది కలుక్కు ఎందుకూ పనికిరాదు. నేను నా సిగ్గు దాచుకుంటున్నాననుకున్నాను. నా పిల్ల ఆ ముఖాన్ని వారం వారం చూస్తూ, తన గొంతు నాకు తలనొప్పి తెప్పిస్తోందని నమ్ముతోంది. పదేళ్ళ సాధనను తనలో తానే మూటగట్టి అటక మీద పెట్టేయడానికి సిద్ధపడింది. ఇంక నాకు సిగ్గు ఎక్కడిది?

"నీ పాట కాదమ్మా" అన్నాను. "నాకు... కూర్చునే చోట దెబ్బ తగిలింది."

"ఎక్కడ?"

"కూర్చునే చోట."

"లైక్, టెయిల్‌బోన్?"

"ఇంకా కింద."

అది అర్థం కాక చూసింది. ఇక లాభం లేదని అన్నం మానేసిన దగ్గర నుంచి మొదలుపెట్టి, చీలిక, డాక్టర్, ఆయింట్‌మెంట్, ఆ ఆయింట్‌మెంట్ వల్ల వచ్చే తలనొప్పి, అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. వింటూ వింటూ దాని ముఖం మారింది. మొదట నోరు తెరిచింది. తర్వాత రెండు చేతులతో మూసుకుంది. ఆ తర్వాత ఆ చేతుల సందుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"సో, నా కల్యాణి ప్రాబ్లమ్ కాదు, నీ బట్ ప్రాబ్లమ్!"

నేల మీద పడి దొర్లుతూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ ఆగలేదు. నవ్వితే నొప్పి, నొప్పికి మళ్ళీ ముఖం వంకర, ఆ వంకర చూసి దానికి మళ్ళీ నవ్వు. ఎన్ని నెలల తర్వాతో అంత సంతోషంగా ఉన్నాను. "నీ కల్యాణి బంగారంలా ఉందే పిచ్చిపిల్లా" అని గట్టిగా అన్నాను. ఇన్నాళ్ళూ ఆ ముక్క నోటితో చెప్పనే లేదు.

వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో అత్తగారు. చేతిలో మిరియాల చారు గ్లాసు. ఎప్పటి నుంచి నిలబడ్డారో, అంతా విన్నారు.

"అయ్యో, ఎంత పని చేశాను!" అన్నారు. "పుండు మీద కారం చల్లుతున్నానా ఇన్నాళ్ళూ?"

అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. డాక్టర్ నెలల పాటు పట్టుకోలేని సంగతిని ఆవిడ ఒక్క చూపులో పట్టేశారు. ఆయింట్‌మెంట్ వల్ల తలనొప్పి, తలనొప్పికి చారు, చారు వల్ల మంట, మంటకి మళ్ళీ ఆయింట్‌మెంట్. గానుగెద్దులా అక్కడే తిరుగుతున్నాను.

"మీ తప్పేం లేదండి, నేనే అడిగి మరీ తాగాను" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా వచ్చి సోఫా అంచున కూర్చున్నారు. తర్వాత మనవరాలి వైపు చూస్తూ, నాతో చెప్పారు.

"మీ ఆవిడ పుట్టినప్పటి నుంచీ నాకూ ఉంది బాబూ ఇదే. వస్తుంది, పోతుంది. మాకు ఊళ్ళో మగ డాక్టరు. ఎవరితో చెప్పుకుంటాం? కొబ్బరినూనె రాసుకుని ఊరుకునేదాన్ని. పెళ్ళిళ్ళకి వెళ్తే వడ్డనలకి నిలబడేదాన్ని. 'ఎంత ఓపికమ్మా ఈవిడకి, క్షణం కూర్చోదు' అనేవాళ్ళందరూ. కూర్చోలేక నిలబడ్డానని వాళ్ళకేం తెలుసు!"

అని ఆవిడే నవ్వారు. మాకు వెంటనే నవ్వు రాలేదు. అప్పటికి నా భార్య కూడా మేడ మెట్లు దిగి వచ్చింది. తల్లి మాటలు విని అక్కడే ఆగిపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అంది.

"చెప్పుకోడానికి అదేమన్నా పతకమా?" అన్నారు ఆవిడ.

అప్పుడు అందరం నవ్వాం. నా భార్య ఏడుస్తూ నవ్వింది. అమ్మాయి వెళ్ళి అమ్మమ్మను వాటేసుకుని, "అమ్మమ్మా, యూ ఆర్ సో కూల్" అంది. చారు ఆ పూట సింకు పాలయింది. నిజం చెప్పాలంటే నాకు కాస్త బాధేసింది.

ఆ వారమే ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. అల్లుడూ అత్తగారూ పక్కపక్క కుర్చీల్లో, ఇద్దరం ఒకే పక్కకి ఒరిగి. మిరియాల చారు సంగతి చెబితే డాక్టర్ పెన్ను కింద పెట్టి మరీ నవ్వింది. నాకు తలనొప్పి తేని వేరే క్రీమ్ రాసింది, బీపీకి వాడే మందుతో చేసేదట. అత్తగారినీ పరీక్ష చేసి ఆవిడకూ అదే రాసింది. ఇన్నేళ్ళూ కొబ్బరినూనెతో నెట్టుకొచ్చిన మనిషి ఆ ట్యూబు చేతిలో పట్టుకుని "ఇంతేనా! ఈ కాస్తదానికా!" అన్నారు. కారులో ఇంటికి వస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ అదే మాట రెండు మూడుసార్లు అన్నారు. నాకు ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

మా ఇంట్లో అన్నం పక్కకి కూరలన్నీ సగౌరవంగా తిరిగొచ్చాయి. బీరకాయ, పొట్లకాయ, తోటకూర పప్పు, పలచని మజ్జిగ. పొద్దున్నే కాఫీ దగ్గర పలకరింపులు మారిపోయాయి. "ఎలా ఉంది బాబూ ఈ రోజు?" "పర్లేదండీ. మీకో?" "నాకు నిన్నటికంటే నయం." టోస్ట్ తింటున్న అమ్మాయి "గైస్, నేను తింటున్నా" అని అరిచేది. మర్యాదలన్నీ ఆ గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కొట్టుకుపోయాయి. మేమిద్దరం ఒకే జబ్బు ఉన్న స్నేహితులమయ్యాం.

అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. మూడు వారాలకి నాకు పూర్తిగా తగ్గిపోయింది. పంతం తగ్గలేదు కదా, క్రీమ్ మానేసి, ఆఫీస్ పార్టీలో వేడివేడి మెక్సికన్ వంటకమేదో లాగించాను. మరునాడు బాత్రూమ్‌లో మళ్ళీ గాజుపెంకు. కచేరీ దగ్గరికొచ్చింది. అత్తగారు నన్ను చెడామడా తిట్టారు. "ఒక పొంగు రాగానే గిన్నె దించేస్తే ఎట్లా? ఉడకొద్దూ?" అన్నారు. అల్లుడిని అలా తిట్టిన అత్తగారిని నేనెక్కడా చూడలేదు, నాకు చాలా ఆనందమేసింది. డాక్టర్ మొదటి రోజు చెప్పిన చివరి మాట అప్పుడు గుర్తొచ్చింది. బుద్ధిగా మళ్ళీ క్రీమ్ అందుకున్నాను. ఈసారి దాచలేదు. "నాన్నా, ఈ రోజు ఎన్ని నిమిషాలు?" అని అమ్మాయే అడిగేది, నేను చెప్పినంతసేపే పాడేది. లేచి కాసేపు తిరిగేవాళ్ళం, మళ్ళీ కూర్చునేవాళ్ళం. అలా ముక్కలు ముక్కలుగా కచేరీ మొత్తం సాధన చేశాం.

ఆ రోజు రానే వచ్చింది. స్కూల్ ఆడిటోరియమ్ అద్దెకి తీసుకున్నాం. వేదిక మీద నా కింద మెత్తని బొంత నాలుగు మడతలు వేసి పరిచింది అత్తగారే. మా అమ్మాయి మెరూన్ రంగు పట్టుచీరలో వచ్చి కూర్చుంటే ఎవరి పిల్లో అనిపించింది. మొదటి పాట, రెండో పాట, నాకు ఏమీ తెలియలేదు. ప్రధాన రాగంగా కల్యాణి అందుకుంది. అది పైకి వెళ్తుంటే నా చేతులు వాటంతటవే దాని వెనక నడిచాయి. ఇది నా కూతురు, నేను దీని పక్కన కూర్చుని ఉన్నాను అని ఒకసారి లోపల అనుకున్నాను. ఒళ్ళు ఝల్లుమంది.

స్వరాల చివర్లో, అది తారస్థాయిలో నిలిచిన సరిగ్గా ఆ క్షణంలో, నేను ఉత్సాహంలో కాస్త ముందుకు వంగాను. కలుక్కుమంది. ఆపుకుందామన్నా ఆగలేదు. కళ్ళు చికిలించాయి, దవడ బిగుసుకుంది, పెదవి పక్కకి లాగింది. అంతమంది ముందు, లైట్ల కింద, అదే ముఖం.

అమ్మాయి సరిగ్గా నా వైపే చూస్తోంది.

దాని కళ్ళు నవ్వాయి. చెయ్యి తాళం తప్పలేదు. గొంతు రవ్వంత కూడా వణకలేదు. నా ముఖం కేసి చూస్తూనే, ఆ పై స్వరాన్ని ఇంకో తాళావర్తం పాటు అలాగే నిలబెట్టింది.